కరువు సీమలో వరదొస్తే ఏం చేయాలి

రాయలసీమలో వరద జాగ్రత్తలు చెబుతానంటే ముందు ఎవరికైనా నవ్వొస్తుంది. ట్యాంకరు ఎప్పుడొస్తుందా అని బిందెలు వరసలో పెట్టుకునే ఊళ్లకు వరదేంటని. కానీ 2009లో వానల కోసం ఎదురుచూసి ఎదురుచూసి అల్లాడిన కర్నూలు, అక్టోబరు 2న నిలువులోతు నీళ్లలో ఉంది. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి పొంగాయి. కింద శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కుల దాకా వరద వచ్చి, 885 అడుగుల దగ్గర ఆగాల్సిన నీటిమట్టం 896 అడుగులు దాటింది. 2021 నవంబరు 19న, కార్తీక పౌర్ణమి నాడు, అప్పటి కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట లాంటి ఊళ్లలో జనం ఏం జరుగుతోందో తెలుసుకునేలోపే నీళ్లు ఇళ్ల మీదికి వచ్చేశాయి. 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమి వంక పొంగి కాలనీలు మునిగాయి. దేశంలోనే అతి తక్కువ వాన కురిసే జిల్లాల్లో అనంతపురం ఒకటని చిన్నప్పటి నుంచీ పాఠాల్లో చదువుకున్నవాళ్లమే మనమంతా.

ఈ మూడు వరదలూ ఒక రకం కావు. మూడింటిలోనూ జనానికి దొరికిన టైం వేరు. మీకు ఎంత టైం దొరుకుతుందో ముందే తెలిసి ఉంటే మిగతా జాగ్రత్తలన్నీ దాన్నిబట్టి చేసుకోవచ్చు. అందుకే మొదలు అక్కడినుంచే పెడుతున్నాను.

1. మీ ఇంటికి నీళ్లు ఎటునుంచి వస్తాయో చూసుకోండి

పెద్ద నది ఒడ్డున ఉంటే (కర్నూలు పాతబస్తీ, జోహరాపురం, మంత్రాలయం, తుంగభద్ర పక్క పల్లెలు) వరద మీ ఊళ్లో కురిసిన వానతో రాదు. ఎక్కడో కర్ణాటకలో కురిసింది తుంగభద్ర డ్యామ్ గేట్లు దాటి, సుంకేసుల బ్యారేజీ మీదుగా వస్తుంది. ఇక్కడ ఎండ కాస్తున్నా రావచ్చు. 2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాలను అప్రమత్తం చేశారు. అక్కడ వదిలిన నీళ్లు ఇక్కడికి చేరడానికి గంటలు పడుతుంది. ఆ గంటలు మీవే, వాడుకోవాలి. హంద్రీ పక్కన ఉన్నవాళ్లకు ఇంకో మెలిక ఉంది. తుంగభద్ర నిండుగా పారుతున్నప్పుడు హంద్రీ నీళ్లు అందులో కలవలేక వెనక్కి తన్నుతాయి. అప్పుడు ఏరు దాటి రాకుండానే మురుగుకాలువల్లోంచి, చివరికి బాత్రూమ్ తూముల్లోంచి కూడా నీళ్లు ఇంట్లోకి ఎక్కుతాయి.

ప్రాజెక్టు కిందో, చెరువు కిందో ఉంటే ఆ టైం అరగంట కూడా ఉండకపోవచ్చు. కట్ట నిలిచినంతసేపూ ఏమీ కనిపించదు. గండి పడితే ఇక అంతే. చెయ్యేరు పల్లెలకు జరిగింది అదే. మీ ఊరికి పైన ఏ చెరువుంది, దాని మరవ (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) పారితే నీళ్లు ఎటు పోతాయి, ఆ చెరువుకు పైన ఇంకో చెరువుందా అన్నవి తెలుసుకోండి. సీమలో చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పైది తెగితే కిందది ఆగదు. చెయ్యేరు విషయంలో కూడా పైన పింఛా ప్రాజెక్టు కట్ట తెగాకే అన్నమయ్య ప్రాజెక్టు మీద భారం పడింది.

మూడోది ఊరి మధ్య వంక. కడపలో బుగ్గవంక, అనంతపురంలో నడిమి వంక లాంటివి. ఏడాదిలో పదకొండు నెలలు అందులో పారేది మురుగునీరే కాబట్టి దాన్ని ఎవరూ లెక్కచేయరు, రెండు పక్కలా ఇళ్లు ముందుకు జరుగుతూనే ఉంటాయి. పైన అరపూట గట్టిగా కురిస్తే చాలు, అది తన పాత దారి వెతుక్కుంటుంది. బుగ్గవంక సంగతి కడప పాత ఇళ్లవాళ్లను అడగండి. 2001 వరద గురించి వాళ్లే చెబుతారు.

ఇల్లు కొనేటప్పుడు, అద్దెకు దిగేటప్పుడు వీధిలో అరవై దాటిన వాళ్లను ఒక్కమాట అడగండి: "పెద్దాయనా, నీళ్లు ఎందాక వచ్చింటాయి?" ఏ మ్యాపూ చెప్పనంత కచ్చితంగా చెబుతారు. ఆ గోడ మీద చెయ్యిపెట్టి చూపిస్తారు కూడా. వెంచర్ వేసిన వాళ్లను మాత్రం అడగొద్దు, దండగ.

2. మూడు విషయాలు ఇంట్లో అందరికీ తెలిసుండాలి

నీళ్లొస్తే ఎక్కడికి పోతాం, ఏ దారిలో పోతాం, విడిపోతే ఎక్కడ కలుస్తాం. అంతే. కర్నూలులో అయితే జగన్నాథ గట్టు వైపు లాగా మిట్టన ఉన్న చోటు, అక్కడ బంధువుల ఇల్లుంటే ఇంకా మేలు. దారిలో వంక మీద వంతెనో చప్టానో దాటాల్సి వస్తే అది దారి కిందికి రాదు, వేరేది చూసుకోండి. ఫోన్లు పనిచేయకపోతే కబురు చేరవేయడానికి వేరే ఊళ్లో ఒక చుట్టాన్ని అనుకోండి. వరదలో పక్కవీధికి ఫోన్ కలవకపోయినా హైదరాబాద్‌కో బెంగళూరుకో ఒక్కోసారి కలుస్తుంది, మెసేజ్ అయితే ఇంకా తేలిగ్గా పోతుంది. ఆ నంబరు పిల్లలకు నోటికి రావాలి.

3. సంచి సిద్ధం చేసుకోండి

ఆగస్టు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా ఇది తలుపు వెనక తగిలించి ఉంచాలి. కర్నూలుకు భయం ఎక్కువగా ఆగస్టు నుంచి అక్టోబరు వరకు. కడప, అన్నమయ్య జిల్లాల వైపు నవంబరు వాయుగుండాలది. నివర్ తుపాను వచ్చింది 2020 నవంబరు చివర్లో.

కాగితాలు ముందు. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి దస్తావేజులు, బ్యాంకు పుస్తకం, పిల్లల టెన్త్ సర్టిఫికెట్లు, బంగారం తాకట్టు పెట్టి ఉంటే ఆ రసీదు. అన్నీ జిప్ కవర్లో వేసి, ఆ కవర్‌ను ఇంకో కవర్లో తిరగేసి పెట్టండి. అన్నింటికీ ఫోటోలు తీసి ఊరి బయట ఉన్న కొడుక్కో కూతురికో వాట్సాప్‌లో పంపండి. డిజిలాకర్‌లో వచ్చేవి అందులో పెట్టుకోండి. బీపీ, షుగర్ మందులు పది రోజులకు సరిపడా, వాటి చీటీతో సహా. టార్చి, పవర్ బ్యాంకు, చిల్లర నోట్లు. కరెంటు పోయాక ఏటీఎం పనిచేయదు, ఫోన్‌పే కూడా నడవదు.

తిండి విషయంలో మన సీమకు మించినది లేదనిపిస్తుంది నాకు. బిస్కెట్ ప్యాకెట్లు, నూడుల్స్ అని లిస్టులు రాస్తుంటారు. నూడుల్స్‌కు పొయ్యి కావాలి కదా. మనకు బొరుగులున్నాయి. రెండు పడుల బొరుగులు, ఒక డబ్బా పప్పుల పొడి, కాసింత ఉప్పు ఉంటే గుక్కెడు నీళ్లు చల్లి తడిపి కలుపుకుంటే ఉగ్గానికి తమ్ముడులాంటిది తయారవుతుంది, పొయ్యి అక్కర్లేదు. పెళుసుగా ఆరబెట్టిన జొన్న రొట్టెలు గాలి తగలకుండా కడితే రోజుల తరబడి చెడవు. వేయించిన చెనిక్కాయలు, బెల్లం, ఊరగాయ పెట్టుకోండి. మిద్దె మీద రెండు రోజులు గడపాల్సి వస్తే పిల్లలు ఏడవకుండా ఉంచేవి ఇవే. చంటిబిడ్డ ఉంటే పాలపొడి, ముసలివాళ్లుంటే నమలడానికి వీలైనవి చూసుకోండి. తాగే నీళ్లు మనిషికి రోజుకు మూడు లీటర్ల లెక్కన మూడు రోజులకు మూతలున్న డబ్బాల్లో నింపండి. చుట్టూ నీళ్లే ఉంటాయి, తాగడానికి చుక్క ఉండదు.

4. హెచ్చరిక వచ్చాక దాన్ని చదవడం

వాతావరణశాఖ రంగుల్లో చెబుతుంది: పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే కదలండి. ఒక్క రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం. ఫోన్లో సచేత్ యాప్ వేసుకుంటే మీరున్న చోటికి హెచ్చరిక తెలుగులోనే వస్తుంది.

అయితే నది ఒడ్డు వాళ్లు వాన కంటే గేట్ల లెక్క చూడాలి. టీవీలో లక్షల క్యూసెక్కులని వినగానే టెన్షన్ పడడం మామూలే. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు దాదాపు 28 లీటర్ల నీళ్లు. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ అవుతుంది. మీకు కావాల్సింది ఆ నంబరు ఎంతన్నది కాదు, అది గంటగంటకూ పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది. పైన వదులుతున్నది పెరుగుతూ, కింద శ్రీశైలం కూడా నిండి ఉందంటే కర్నూలుకు మంచిది కాదు.

వాట్సాప్ గ్రూపుల్లో "కట్ట తెగింది, పారిపోండి" అని ఆడియోలు తిరుగుతాయి. అలాంటిది వస్తే జిల్లా కంట్రోల్ రూమ్ 1077కు, లేదా రాష్ట్ర విపత్తుల సంస్థ 1070కి ఫోన్ చేసి అడగండి. లైన్ దొరక్కపోతే ఒకటి గుర్తుంచుకోండి: పుకారుకు భయపడి మిట్టకు పోయి వచ్చినవాడికి పోయేది ఒక రాత్రి నిద్రే.

చెరువు కింద ఉన్నవాళ్లయితే వాన రాత్రుళ్లు కట్ట మీదికి వంతులవారీగా మనుషులను పెట్టండి. ఒక్కరినే పంపొద్దు. కట్ట వెలుపలి వాలులో ఎక్కడైనా నీళ్లు ఊరుతున్నాయా, ఆ ఊట బురదరంగులో ఉందా అని చూడాలి. తేట నీళ్లు ఊరుతుంటే ఇంకా గమనించొచ్చు. మట్టిని మోసుకొచ్చే బురదనీళ్లు కనిపిస్తే లోపల కట్ట తొలిచేస్తోందన్నమాట. అప్పుడు ఇసుకబస్తాలు వేద్దామా వద్దా అని పంచాయితీ పెట్టకుండా ముందు ఊరిని లేపండి. రామాలయం మైకు, మసీదు మైకు, చర్చి గంట, ఏది దగ్గరైతే అది.

5. బయల్దేరే ముందు ఇంట్లో

వెలుతురు ఉండగానే బయల్దేరాలి. సాయంత్రం అయిదుకు "చూద్దాం, రాత్రికి తగ్గొచ్చు" అనుకున్నవాళ్లే అర్ధరాత్రి పిల్లల్ని భుజాన వేసుకుని నడుముల్లోతు నీళ్లలో దిగాల్సి వస్తుంది.

గ్యాస్ రెగ్యులేటర్ కట్టేసి తీసేయండి, సిలిండర్‌ను కిటికీ ఊచకు తాడుతో కట్టండి. గ్యాస్ తగ్గిన సిలిండర్ నీళ్లలో తేలి కొట్టుకుపోతుంది. కరెంటు మెయిన్ ఆపండి, ఇన్వర్టర్ కూడా. చాలామంది మెయిన్ ఆపి ఇన్వర్టర్ మరిచిపోతారు, దాని బ్యాటరీ నేల మీదే ఉంటుంది. ఫ్రిజ్ ఖాళీ చేసి, వీలైతే ఇద్దరు పట్టి మంచం మీదికి ఎక్కించండి. లేకపోతే అది తేలి, పక్కకు ఒరిగి, తలుపుకు అడ్డం పడుతుంది. వెనక్కి వచ్చాక ఇంట్లోకి పోవడానికే దారి ఉండదు. బీరువాలో కింది అరలోని పట్టుచీరలు, కాగితాలు పైకి మార్చండి. బాత్రూమ్ తూము మీద, కమోడ్‌లో ఇసుక నింపిన సంచి గట్టిగా కూర్చోబెడితే మురుగు ఎదురెక్కడం కొంత ఆగుతుంది. సంపు మూత బిగించండి.

గొడ్ల విషయంలో ఒకటే: పలుపులు విప్పేయండి. కట్టేసిన ఆవు నిలబడ్డ చోటే మునిగిపోతుంది, విప్పితే ఈదుతుంది. ఏటి ఇసుకలో, వంక పక్కన గొర్రెలను మళ్లేసే కాపర్లు వాయుగుండం మాట వినగానే మందను గుట్టకు తోలాలి. చీకట్లో గొర్రె కదలదు, ఒకటి నీళ్లలో దూకితే మిగతావన్నీ దాని వెంటే.

ఇంట్లో పెద్దవాళ్లు రానంటారు. "నేను చూడని వరదా?" అంటారు. వాళ్లతో వాదన దండగ. "అవ్వా, పిల్లలను చూసుకోవడానికి మనిషి లేదు, నువ్వు రావాల్సిందే" అంటే లేస్తారు. మంచం పట్టినవాళ్లుంటే ఎరుపు హెచ్చరిక దాకా ఆగొద్దు, నారింజకే కదిలించండి.

6. మట్టి మిద్దె ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా

దీని గురించి ఎక్కువ రాయాలి, ఎందుకంటే వరద జాగ్రత్తల్లో ఇది ఎక్కడా కనిపించదు. కర్నూలు, అనంతపురం పల్లెల్లో ఏరు దరిదాపుల్లో లేకపోయినా వాన ముసురు పట్టిందంటే మిద్దె కూలి నిద్రలోనే మనుషులు పోయిన వార్తలు వస్తాయి.

మన పాత మిద్దె ఎలా కట్టారో చూడండి. మట్టీ రాళ్లూ కలిపిన గోడ, దాని మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద బండలు, ఆ పైన మందంగా పరిచిన చౌడుమట్టి. ఎండాకాలం చల్లగా ఉంచేది ఆ చౌడే. మామూలు వానకు చౌడు నీళ్లను లోపలికి దిగనివ్వదు, జార్చేస్తుంది. కానీ ఏళ్ల తరబడి కొత్త చౌడు వేయకపోతే, రెండు మూడు రోజులు ఎడతెరిపి లేకుండా పడితే, అది నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది. అదే టైంలో గోడ అడుగు నానుతుంది. పైన బరువు పెరిగింది, కింద బలం తగ్గింది. దూలం గోడలోకి దిగిన చోట, చెదలు తిన్న కొస విరుగుతుంది.

కూలేముందు మిద్దె చాలాసార్లు చెబుతుంది. పైనుంచి సన్నగా మట్టి రాలడం, దూలం కొస దగ్గర కొత్త బీట, గోడ లోపలికో బయటికో ఉబ్బడం, నిన్నటిదాకా సాఫీగా పడిన తలుపు ఈరోజు పట్టేయడం. వీటిలో ఒక్కటి కనిపించినా ఆ రాత్రి అక్కడ పడుకోవద్దు. బడికో, సచివాలయం బిల్డింగుకో, స్లాబు వేసిన పక్కింటికో పొండి. సిగ్గుపడాల్సిన పని లేదు. నీళ్లు కారుతున్నాయని వానలో మిద్దె ఎక్కి పట్ట కప్పబోవడం అన్నిటికంటే ప్రమాదం, మీ బరువు కూడా దాని మీదే పడుతుంది. నీళ్లు జారే దోనెలు వానాకాలానికి ముందే శుభ్రం చేసుకోవాలి, కొత్త చౌడు వేసవిలోనే వేయించుకోవాలి.

ఇంకొకటి. వాన ఆగి ఎండ వచ్చిందని అదే రోజు లోపల పడక వేయొద్దు. నానిన గోడ ఆరేటప్పుడు కూడా పగిలి కూలుతుంది. కనీసం కొన్ని రోజులు చూసి, దూలాల కొసలు చూడటం తెలిసిన మేస్త్రీకి చూపించాకే పొండి. ఇంటి పక్కన ఎత్తైన ప్రహరీ ఉంటే దాని నీడలో గొడ్లను కట్టొద్దు, పిల్లలను ఆడనివ్వొద్దు.

7. పారే నీళ్లు, చప్టాలు

మడమ మునిగే లోతు కదా అని దిగుతాం. వడి ఉంటే జానెడు నీళ్లు మనిషి కాళ్లు లాగేస్తాయి. రెండు జానల లోతులో చిన్న కారు తేలుతుంది, మూడు నాలుగు జానలకు పెద్ద బండ్లు కూడా నిలవవు. చప్టా మీద పారుతున్న నీళ్లకింద చప్టా ఉందో కోసుకుపోయిందో పైనుంచి తెలియదు. 2021 నవంబరులో కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెనే కుంగిపోయింది, ఇక చప్టా ఎంత?

అదే రోజుల్లో చిత్రావతిలో, చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర, కారు చిక్కుకుంది. అందులో వాళ్లను కాపాడబోయిన జేసీబీ కూడా చిక్కుకుపోయింది. చివరికి వాయుసేన హెలికాప్టర్ వచ్చి అందరినీ బయటికి తీసింది. జేసీబీ నిలవని చోట మీ బుల్లెట్ బండి నిలవదు. "ముందు బస్సు పోయింది కదా" అని దాని వెనక పోవద్దు. రాజంపేట దగ్గర చెయ్యేరు వరదలో చిక్కుకున్నవి ఆర్టీసీ బస్సులే.

తెగిన కరెంటు తీగ, ఒరిగిన స్తంభం కనిపిస్తే ఆ వీధిలో నీళ్లలోకే దిగొద్దు. తప్పనిసరిగా నడవాల్సి వస్తే చేతికర్రతో ముందు పొడుచుకుంటూ, చెప్పులో బూట్లో వేసుకుని, కాల్వ అంచుకు దూరంగా పోవాలి. మూత లేచిన మ్యాన్‌హోళ్లు ఆ నీళ్లకిందే ఉంటాయి.

8. ఇంట్లోనే చిక్కుకుపోతే

గట్టి స్లాబు ఉంటే మేడ మీదికి పొండి. అటక ఎక్కి కూర్చోవద్దు, అక్కడినుంచి బయటికి దారి ఉండదు. 112కు ఫోన్ చేసినప్పుడు ఏడుపు, ఊరి పేరుతో సరిపెట్టకండి. ఎంతమంది ఉన్నారు, పసిపిల్లలు, గర్భిణులు ఎందరు, ఇంటికి దగ్గర్లో పైకి కనిపించే గుర్తు ఏమిటి (వాటర్ ట్యాంకు, గోపురం, సెల్ టవర్), నీళ్లు ఎన్నో మెట్టు దాకా వచ్చాయి. ఈ నాలుగూ చెప్పండి. లొకేషన్ పంపండి. తర్వాత ఒక ఫోన్ మాత్రం ఆన్‌లో ఉంచి మిగతావి ఆపేయండి, ఉన్నదాన్ని బ్యాటరీ సేవర్‌లో పెట్టండి. వీడియోలు తర్వాత. ఎర్రటి చీరో దుప్పటో పిట్టగోడకు కట్టండి, రాత్రి టార్చి ఊపండి. పడవ వస్తే అందరూ ఒకేవైపు ఎగబడొద్దు, అది బోల్తా కొడుతుంది.

9. నీళ్లు తీశాక మొదటి రోజు

ఎప్పుడెప్పుడు ఇంటికి పోదామా అని ఉంటుంది. పగలే పొండి, ఒంటరిగా వద్దు. గడప దాటకముందే ఫోన్ తీసి ఫోటోలు, వీడియో తీసుకోండి: గోడ మీద నీళ్ల మరక, లోపలి బురద, పాడైన సామాను, బయటినుంచి ఇల్లు. ఊడ్చాక సాక్ష్యం మిగలదు. గ్యాస్ వాసన వస్తే స్విచ్ జోలికి పోకుండా తలుపులు తెరిచి బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి. మెయిన్ ఆన్ చేయడం ఎలక్ట్రీషియన్ చూశాకే. ఫ్రిజ్, మోటారు, మిక్సీ ఏవీ పరీక్షకని ఒక్కసారి కూడా వేయొద్దు. తడిసిన మోటారు వేస్తే వైండింగ్ కాలిపోతుంది, ఆరబెట్టి చూపిస్తే చాలావరకు బాగవుతుంది. బండి కూడా అంతే. సైలెన్సర్ మునిగిందంటే కిక్ కొట్టకుండా తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి తీసుకుపోవాలి.

పాములు ఇళ్లలోనే ఉంటాయి. మంచం కింద, చెప్పుల స్టాండులో, మడిచిన పరుపులో, పొయ్యి వెనక. చెయ్యి పెట్టేముందు కర్రతో కదపండి. కాటు పడితే కోయొద్దు, తాడు కట్టొద్దు, నాటుమందు కోసం ఊళ్లు తిరగొద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108లో ప్రభుత్వాసుపత్రికి. విరుగుడు మందు దొరికేది అక్కడే.

బురద గురించి మాత్రం జాగ్రత్తగా వినండి. ఏరు వదిలిపోయిన ఒండ్రు తడిగా ఉన్నప్పుడు పారతోనో, పలకముక్కతోనో గీస్తే పెచ్చులుగా వస్తుంది. రెండు రోజులు ఎండిందా, సిమెంటులా పట్టేస్తుంది, తర్వాత గునపం కావాలి. కాబట్టి సామాను మీద బాధ రేపటికి పెట్టుకుని, తలుపు దగ్గరినుంచి లోపలికి కాదు, వెనక గదినుంచి వాకిలివైపు బురద తోసుకుంటూ రండి. గోడలు పైనుంచి కిందికి కడగాలి. బురద అంతా పోయాకే బ్లీచింగ్ నీళ్లు. బురద మీద బ్లీచింగ్ చల్లితే దండగ. బ్లీచింగ్‌లో యాసిడ్ కలపొద్దు, ఆ పొగ ఊపిరి తిత్తుల్లోకి పోతుంది. బట్టలు ముందు ఉత్త నీళ్లలో రెండుసార్లు జాడించి బురద వదిలాకే సబ్బు పెట్టండి. దస్తావేజులు తడిసి అతుక్కుని ఉంటే పేజీలు లాగొద్దు. బురదుంటే తేట నీళ్లలో మెల్లగా ముంచి తీసి, పాత పేపర్ల మధ్య నీడలో ఫ్యాను గాలికి పరవండి, పేపర్లు మారుస్తూ ఉండండి. పూర్తిగా పోయినా భయం లేదు, రిజిస్టర్ అయినదైతే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలు దొరుకుతుంది.

సంపు కడగడానికి ఎవరినీ వెంటనే లోపలికి దించొద్దు. మురుగు కలిసి మూతపడి ఉన్న సంపులో విషవాయువు చేరి ఉంటుంది. ఒకరు దిగి పడిపోతే తీయడానికి దిగిన రెండోవాడూ పోతాడు. మూత తీసి గాలి ఆడనిచ్చి, నీళ్లు పైనుంచే మోటారుతో తోడించి, వీలైనంత పైనుంచే కడగండి.

10. నీళ్లు, రోగాలు

వారం పది రోజులు ఏ నీళ్లనూ నమ్మొద్దు. గుడ్డలో వడకట్టి, తెర్లే దాకా కాచి చల్లార్చినవే తాగాలి. క్లోరిన్ బిళ్లలు ఆశా కార్యకర్త ఇస్తే ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో వేసి అరగంట ఆగాలి. మురికి నీళ్లలో వేస్తే పనిచేయవు. చేదబావి మునిగితే ముందు నీళ్లంతా తోడించాలి. తర్వాత ఊరిన నీళ్లకు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున మంచి బ్లీచింగ్ పౌడర్ బకెట్లో కలిపి, పైతేట మాత్రమే బావిలో పోసి గంట ఆగాలన్నది మామూలు లెక్క. మునిగిన బావికి మొదటిసారి ఇంకా ఎక్కువ కావాలి, అది పంచాయతీవాళ్ల చేత వేయించుకోండి.

విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒక లీటరు నీళ్లలో. అది లేకపోతే లీటరు కాచిన నీళ్లకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. బురదలో పనిచేసిన వారం రెండు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే మామూలు జ్వరమని మాత్ర వేసుకుని ఊరుకోకుండా "వరద నీళ్లలో తిరిగాను" అని డాక్టరుకు చెప్పండి. ఎలుక మూత్రంతో వచ్చే జ్వరం అలాగే ఉంటుంది. కాలికి రేకు గీసుకున్నా టీటీ ఇంజెక్షన్ వేయించుకోండి. గొర్రెలకు చిటుకు రోగం, గిట్టల కుళ్లు వస్తాయి. పశువైద్యశాలలో అడగండి, లేదా 1962కు ఫోన్ చేస్తే బండి వస్తుంది.

11. నష్టం రాయించుకోవడం

ఇది ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. ప్రభుత్వ సాయం ఎన్యూమరేషన్ (ఇంటింటికీ తిరిగి నష్టం రాసుకునే) జాబితాను బట్టి వస్తుంది, ఆ టీములు ఊళ్లోకి వచ్చేది కొద్దిరోజులే. మీరు పునరావాస కేంద్రంలో ఉండి ఇంటికి తాళం ఉంటే మీ పేరు తప్పిపోయే అవకాశం ఎక్కువ. ఇంటి దగ్గర ఎవరో ఒకరు ఉండేలా చూసుకోండి, పక్కింటి వాళ్లకైనా నంబరు ఇచ్చి పొండి.

పంటకైతే సగం పోయిందా పావు పోయిందా అన్నది ముఖ్యం. కేంద్ర నిబంధన ప్రకారం 33 శాతం, ఆ పైన నష్టపోతేనే పెట్టుబడి రాయితీకి లెక్కలోకి వస్తుంది. ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వం ఆన్‌లైన్‌లో రాసుకునే పంటల లెక్కలో, మీ పంట నమోదై ఉండాలి. కౌలు రైతులైతే ఇక్కడే దెబ్బతింటారు: పొలం ఒకరి పేరు, పెట్టుబడి ఇంకొకరిది. కౌలు కార్డు ముందే తీసుకోండి, నాటిన వెంటనే ఈ-క్రాప్‌లో మీ పేరుతో రాయించుకోండి. పంట బీమా ఉంటే నష్టం జరిగిన 72 గంటల్లోపు 14447కు ఫోన్ చేసి చెప్పి, ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి. పొలంలో ఇసుక మేట వేసి ఉంటే అది పంట నష్టానికి వేరుగా రాయించాల్సిన పద్దు, ఆ సంగతి మీరే గుర్తుచేయాలి.

గొడ్డు చచ్చిపోతే పూడ్చకముందే పశువైద్యుడికి చూపించి కాగితం తీసుకోండి, చెవిపోగు నంబరు ఫోటోలో కనపడాలి. మనిషి పోయిన ఇంట్లో ఈ మాట చెప్పడం కష్టమే, అయినా పోస్టుమార్టం, ఎఫ్ఐఆర్ లేకుండా అంత్యక్రియలు చేస్తే నాలుగు లక్షల పరిహారం దగ్గర ఇబ్బంది వస్తుంది. బంధువుల్లో కాస్త గుండె నిబ్బరం ఉన్నవాళ్లెవరైనా ఆ పని మీదేసుకోవాలి.

జాబితా తయారయ్యాక సచివాలయంలో అంటిస్తారు. రోజూ పోయి చూడండి. పేరు లేకపోతే నోటిమాటగా అడిగి వచ్చేయొద్దు, తెల్లకాగితం మీద అర్జీ రాసి, ఫోటోలు జతచేసి, రెండో ప్రతి మీద సంతకం, తేదీ వేయించుకోండి. అక్కడ తేలకపోతే అదే కాగితంతో సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కు పొండి. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు ఉందో లేదో ఆ వారమే చూసుకోండి, మంజూరైన డబ్బు దానివల్లే ఆగిపోతుంటుంది. ఖాతాలో పడేదాకా ఫోన్లోని వరద ఫోటోలు తుడిచేయొద్దు.